నాలుగు టన్నులు

చెరువు చెరువుకీ తిరిగి ఉప్పు కొలవడం నా పని.
మేత కంపెనీ ఇచ్చిన చేతి దుర్భిణిలో
ఒక చుక్క నీరు వేసి, వెలుగుకేసి పట్టి
అంకె చదువుతాను.

అంతర్వేది పల్లిపాలెం గట్టు మీద
పెమ్మాడి ధనకోటి నా అంకె నమ్మడు.
దగ్గుమందు సీసాకి పురికొస కట్టి
చుక్కచుక్కగా నీళ్లు పోసి, బిరడా బిగించి
రొయ్యల చెరువులో వదులుతాడు.
తేలితే తీసి ఇంకో చుక్క.
మునిగితే తీసి ఒక చుక్క తక్కువ.
చివరికి సీసా అటూ ఇటూ కాకుండా
నీటి నడుమ నిలబడి ఊపిరి బిగబడుతుంది.
వేళ్ల మీద లెక్కేసి "పదహారు" అంటాడు.
నా దుర్భిణిలో పదహారున్నర.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన
సబ్‌మెరైన్‌లో ట్రిమ్ చూసే మనిషి.
అంటే ఏంటని అడిగాను,
రేవు దాటేలోపు చెప్పేస్తాడనుకుని.
మూడు పంటలు పట్టింది.

"మునగడం గొప్పేం కాదబ్బాయ్, రాయీ మునుగుద్ది.
పక్క ట్యాంకుల మూతలు తీస్తే
గాలి బుస్సుమని పోద్ది, సముద్రం లోపలికొస్తది.
లేవడమూ అంతే,
సీసాల్లో దాచుకున్న గాలి వదిలితే
వచ్చిన నీళ్లని అదే గెంటేస్తది.
ఆ మద్దెన ఆగడం ఉంది చూడు,
దానికే నాకు జీతం."

ముందు గదిలోంచి ఆరుగురు వెనక్కి నడిస్తే
ఆరుగురి బరువు నీళ్లు
ఈయన ముందుకి పంపేవాడట.
తాము ఇటు నడిస్తే నీళ్లు అటు నడుస్తాయని
ఆ ఆరుగురికీ తెలియదు.
కాలిన డీజిల్ చోట్లోకి ఉప్పునీరు వచ్చి కూర్చునేది.
నూనె కంటే నీరు బరువు.
"సరుకు అయిపోయేకొద్దీ బరువెక్కే ఇల్లు
నువ్వెక్కడన్నా చూశావా?"

చూడలేదన్నాను.
ఆయన బీడీ ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకున్నాడు.

"డిసెంబర్లో ఓ రాత్రి.
పెరిస్కోపెత్తి తొమ్మిది మీటర్ల మీద పోతన్నాం.
ముల్లు కదిలింది.
తొమ్మిదిన్నర. పది.
రెక్కలు ఎత్తి పట్టినా ఇనదే. పదకొండు.
ఎక్కడో కారతందేమోనని
చీఫ్ మొకంలో నెత్తురు లేదు.
లైట్లేసుకుని అడుగంతా ఎతికారు.
పొడి. చేత్తో రాసినా పొడే.

అప్పుడు తెలిసింది నాకు.
చిన్నప్పుడు మొగ దగ్గర ఈదేవాళ్లం.
ఉప్పులోంచి తీపిలోకొచ్చేసరికి
ఒళ్లు ఓ గుప్పెడు బరువెక్కేది.
ఉప్పునీరు మోసినట్టు మంచినీరు మొయ్యదు.
గౌతమో, వశిష్టో, ఏ పాయదో చెప్పలేను గానీ
గోదారే అది.
ఇనుము మీద చెయ్యేసి చెప్తన్నా, గోదారే.

పంపు కొట్టి నాలుగు టన్నులు బయటికి తోశా.
పదకొండు, పది, తొమ్మిది.
ఎక్కడున్నామో మాకు చెప్పరు,
మ్యాపు మా వైపు తిప్పరు.
నేనూ నోరిప్పలేదు.
పైనెక్కడో మా అమ్మ
సావిళ్లు ఎండబోసిన చాప చుట్టి
తలుపేసుకునుంటాది.

అరగంటకి పడవ తేలికైపోయింది.
ఆ నాలుగు టన్నులూ మళ్లీ ఎక్కించా.
లాగ్ పుస్తకంలో మా ఏటికి రెండే గీతలు.
నాలుగు బయటికి.
నాలుగు లోపలికి."

మొన్న ఎగువ వానలకి ఎర్రనీళ్లొచ్చాయి.
కాలవ పొంగి చెరువులో కలిసింది.
నిన్నటిదాకా నిలబడ్డ సీసా
వదలగానే అడుగుకి పోయింది.
ఆయన పురికొస లాగి, బిరడా తీసి,
ఒక్కొక్క చుక్కే వంచుతూ
పెదాలతో లెక్కపెట్టుకుంటున్నాడు.

నా దుర్భిణిలో ఆరు.
తేదీ వేసి, ఆరు అని రాశాను.
నా పుస్తకంలోకి తొంగి చూసి
"అంతేనా రాసేది?" అన్నాడు.